బిగువు

చట్టంలో ఆ మాట ఒక్కసారే ఉంది:
"బలప్రయోగంతో."
జడ్జి దాన్ని రెండుసార్లు చదివాడు,
రెండోసారి కాస్త నెమ్మదిగా,
నెమ్మదిగా చదివితే అర్థం దానంతటదే ఊడిపడుతుందన్నట్టు.

ఇండియానాలో మాది సున్నపురాయి తవ్వుకుని బతికిన ఊరు.
కోర్టు మెట్లూ ఆ రాయే, జైలు గోడలూ ఆ రాయే.
ముద్దాయి డెల్మర్ స్ట్రౌడ్ ముప్పయ్యొక్కేళ్లు దాన్ని కోసినవాడు.
కోటు అరువుదని చూడగానే తెలిసిపోతోంది,
మణికట్లు బయటికొచ్చేశాయి.

వీడియో నలభై సెకన్లు.
రాత్రి పదకొండున్నర, లాండ్రీ దుకాణం ముందు.
లోపల ఎవరివో దుప్పట్లు ఇంకా గిరగిరా తిరుగుతున్నాయి.
పక్కవీధిలో అద్దం పగలగొట్టినవాడికోసం వెతుకుతూ
కెస్లర్ అనే కుర్ర పోలీసు ఇతన్ని ఆపాడు.
పగలగొట్టింది ఇంకొకడని తర్వాత తేలింది.
అది మీరు లెక్కలోకి తీసుకోకూడదన్నాడు జడ్జి.
"చేతులు వెనక్కి పెట్టు."
పెట్టలేదు.
కొట్టలేదు, తొయ్యలేదు, పరిగెత్తలేదు.
కుడిచెయ్యి బిగుసుకుంది, అంతే.
"ప్రతిఘటించకు, ప్రతిఘటించకు" అని అరుస్తూ
కెస్లర్ రెక్క విరిచి లాగాడు.
ఆ చప్పుడు మైకులో పడింది.
ఎండుకొమ్మ అనుకున్నాను మొదట.
ఆ వీధిలో చెట్లు లేవు.

ఆరుగురం జ్యూరీ. నాది ఐదో కుర్చీ.
నేను ఫిజియోథెరపిస్టుని.
ఇరవై రెండేళ్లుగా రోజుకి పదిమందికి చెబుతున్నాను:
చెయ్యి వదిలెయ్యండి, బరువంతా నాకిచ్చెయ్యండి.
వదిలేశామనే అంటారు.
నా వేళ్ల కింద కండ మాత్రం
కాపలా కుక్కలా లేచి నిలబడే ఉంటుంది.
వాళ్లు అబద్ధమాడటం లేదు.
కండకి చెవులుండవు.

గదిలో కాఫీ చల్లారిపోయింది.
ట్రాక్టర్లమ్మే వెండెల్ మా పెద్ద.
"బిగించాడా? బిగించాడు.
బలం లేకుండా బిగించడమెలా?" అన్నాడు.
నేను లేచి అతని వెనక్కెళ్లి
చెప్పాపెట్టకుండా మణికట్టు పట్టి తిప్పాను, మెత్తగానే.
భుజం గడ్డకట్టింది. మెడదాకా ఎర్రబడ్డాడు.
"ఏంటిది!"
"మీరు ప్రతిఘటిస్తున్నారు."
కొందరు నవ్వారు. వాళ్ల చేతులూ చూశాను.
స్కూలు బస్సు నడిపే అమ్మాయి మోచెయ్యి
నా డొక్కలోకి వచ్చింది, వెంటనే సారీ చెప్పింది.
ఎవరి చెయ్యీ ఊరికే రాలేదు.

చివరికి లవీనియా.
డెబ్భై దాటిన నల్లజాతి ఆవిడ, చర్చిలో పియానో వాయిస్తుంది.
ముట్టుకున్నానో లేదో
చెయ్యి తడిబట్టలా వెనక్కి వచ్చేసింది.
రెండోదీ తనే తెచ్చి దానిమీద పెట్టింది.
తల వంచింది. పాదాలు ఎడంగా జరిపింది.
అవేవీ నేనడగలేదు.

"ఎక్కడ నేర్చుకున్నారు?" నోరు జారాను.
"ఏడేళ్లప్పుడు, వంటింట్లో.
మా నాన్న పోలీసు వేషం కట్టేవాడు.
తమ్ముడు ఆర్లిస్ సరిగ్గా చేసేవాడు కాదు,
మధ్యలో నవ్వేసేవాడు."
తర్వాతి వాక్యం కోసం అందరం ఆగాం.
ఆమె చెప్పలేదు.

నాలుగింటికి చీటీలు విప్పాం.
ఐదు నిర్దోషి, వెండెల్‌దీ కలిపి.
ఒకటి దోషి.
"అది నాదే," అంది లవీనియా.
"బిగించకుండా ఉండటం కుదురుతుంది.
కుదరదని మీరు రాసిస్తే
డెబ్భయ్యేళ్లు నేను చేసిందేమిటి?"

ఎవరి దగ్గరా జవాబు లేదు.
మర్నాడంతా కూర్చున్నాం. అదే ఐదు, అదే ఒకటి.
తీర్పు లేకుండానే జడ్జి మమ్మల్ని ఇళ్లకి పంపేశాడు.

బయట మంచు మొదలైంది.
ఆమె చలికోటు విప్పి పట్టుకున్నాను, అలవాటు కొద్దీ.
ఎడమచెయ్యి దూరింది.
కుడిచెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది.
నేను చొక్కాచేతిని కొంచెం పైకి లాగాను.
రాలేదు.
"వదిలెయ్," అంది నావైపు తిరక్కుండానే,
"నేనే వేసుకుంటాను."